కార్పెట్ కడగాలంటే కారు సీట్లు విప్పాలా?

మైపాడు బీచ్‌కి వెళ్లొచ్చాక కార్పెట్‌లో ఇసుక పోవట్లేదు, సీట్లు విప్పాలా అని అడిగారు. పొడి ఇసుకే అయితే అక్కర్లేదు, సీటు ముందుకీ వెనక్కీ జరిపి వాక్యూమ్ పట్టండి చాలు. ఉప్పునీళ్లు దిగి వాసన వస్తుంటే మాత్రం విప్పడమే మంచిది, ఆ తేమకి కింద రేకు తుప్పు పడుతుంది. మా కారులో సీటు పట్టాల సందుల్లోనే దోసెడు ఇసుక వచ్చింది.

ముందు సీటుకి సాధారణంగా 4 బోల్టులు. అసలు జాగ్రత్త కింద వైర్లతోనే. సీట్లోని సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్లే వైరు కనెక్టర్ చాలా కార్లలో పసుపు రంగులో ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ (−) వైరు తీసి, 10 నిమిషాలు ఆగాకే దాన్ని ముట్టుకోండి.

కడిగాక నెల్లూరు ఎండలో తలుపులు తెరిచి పెట్టండి. కార్పెట్ కింది స్పాంజిని వేలితో నొక్కితే తడి తగలకూడదు, అప్పుడే సీటు బిగించండి.