కారులో కూలెంట్ తగ్గుతుంటే నీళ్ళు పోసేయొచ్చా? కొత్తగా వచ్చినవాళ్ళ కోసం

చలి మొదలయ్యే ముందు, మన ఊళ్ళనుంచి ఈ చలిదేశానికి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. అన్నా, సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు కొన్నాను, బానెట్ ఎత్తి చూస్తే ఆ ప్లాస్టిక్ డబ్బాలో రంగునీళ్ళు బాగా కిందకి ఉన్నాయి, కుళాయి నీళ్ళు పోసేయనా అని. పోయొద్దు, అలాగని కంగారూ పడొద్దు. ముందు అదేం రకమో తెలుసుకోండి, తర్వాత ఎందుకు తగ్గిందో చూడండి, పోయడం ఆ తర్వాత. ఎందుకు తగ్గిందో చూడకుండా వారం వారం పోసుకుంటూ పోతే చివరికి ఇంజన్ మీదకొస్తుంది, పాత చిన్న కారుకి ఇంజన్ రిపేరంటే చాలాసార్లు కారు విలువకన్నా బిల్లే ఎక్కువ, అసలే వచ్చిన కొత్తలో ఖర్చుల మీద ఖర్చులు.

కూలెంట్ అంటే సుమారుగా సగం నీళ్ళు సగం గ్లైకాల్ (ఎక్కువ కార్లలో ఇథిలీన్ గ్లైకాల్), దాంతోపాటు లోపల తుప్పు పట్టకుండా కలిపే మందులు. మంచు పడని ఊళ్ళలో బండి నడిపి వచ్చినవాళ్ళకి ఇంజన్‌ని చల్లబరచడం ఒక్కటే దీని పని అనిపిస్తుంది, చలిదేశంలో మాత్రం గడ్డకట్టకుండా ఉండడం కూడా అంతే ముఖ్యం. ఉత్త నీళ్ళు సున్నా డిగ్రీలకి గడ్డకడతాయి, కట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఇంజన్ బ్లాక్‌లో ఆ ఉబ్బుకి చోటుండదు కాబట్టి రేడియేటరో బ్లాకో పగులుతుంది. ఒక్క రాత్రి చాలు దానికి. సగం సగం కలిపినదైతే దాదాపు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. మరిగేది కూడా 106 దగ్గర, పైగా కూలెంట్ మూత ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాగా సుమారు 15 పీఎస్‌ఐ ఒత్తిడి పట్టి ఉంచుతుంది కాబట్టి 129 దగ్గరికి వెళ్తేగానీ మరగదు. అందుకే మూత లోపలి రబ్బరు పాడైతే కూలెంట్ నిండా ఉన్నా ఇంజన్ వేడెక్కొచ్చు. చూస్తే చిన్న మూతే, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

మరి గ్లైకాల్ ఎక్కువ పోస్తే ఇంకా మంచిదేగా అంటారు కొందరు, కాదు. నీళ్ళు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గట్టిపడుతుంది, వేడిని మోసుకెళ్ళడంలో కూడా నీళ్ళకన్నా వెనకే. బాగా చలి ఉండే చోట 60 శాతం గ్లైకాల్ దాకా వెళ్ళొచ్చు, అంతకుమించి ఎందుకు పోయాలో నాకైతే కారణం కనిపించదు. కొనేటప్పుడు సీసా మీద చదవండి, ప్రీమిక్స్‌డ్ అనో 50/50 అనో ఉంటే అలాగే పోయాలి, మళ్ళీ నీళ్ళు కలిపితే పల్చబడిపోతుంది. కాన్సంట్రేట్ అని ఉంటే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. కుళాయి నీళ్ళలో ఉండే లవణాలు సన్నటి గొట్టాల్లో గారలాగా పేరుకుపోతాయి, అందుకే డిస్టిల్డ్.

తర్వాత రంగు. ఆకుపచ్చ, నారింజ, గులాబి, నీలం, పసుపు అన్నీ దొరుకుతాయి, డబ్బాలో ఏ రంగుంటే అదే రంగు తెచ్చి పోస్తే సరిపోతుందనుకుంటారు. ఆ రంగు కంపెనీ కలిపిన డై అంతే, ఫలానా రంగంటే ఫలానా రకం అని అందరూ పాటించే రూలేమీ లేదు. తేడా అంతా తుప్పు మందుల్లో ఉంటుంది. పాతకాలపు ఆకుపచ్చది సిలికేట్లు ఉన్నది, రెండు మూడేళ్ళకి మార్చాలి, తర్వాత వచ్చిన ఓఏటీ రకం (తుప్పు మందులుగా ఆర్గానిక్ యాసిడ్లు వాడేది) ఐదేళ్ళ దాకా నడుస్తుంది, రెండూ కలిసినది హెచ్‌ఓఏటీ, అది యూరప్ కార్లలో ఎక్కువ, జపాన్ కార్ల కంపెనీలేమో సిలికేట్ లేకుండా ఫాస్ఫేట్ ఉన్నది వాడమంటాయి. టొయోటా వాడే గులాబి, హోండా వాడే నీలం చూడ్డానికి వేరు, లోపల మాత్రం దగ్గరి చుట్టాలే. కాబట్టి రంగు చూసి కాదు, ఓనర్స్ మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ రాశారో చూసి కొనండి, పాత కారుతో పుస్తకం రాకపోతే కంపెనీ సైట్‌లో చాలామటుకు ఉచితంగానే దొరుకుతుంది. పొసగని రెండు రకాలు కలిస్తే తుప్పు మందుల బలం తగ్గిపోతుంది, ఒక్కోసారి జిగురులా తయారై హీటర్ గొట్టాల్లో అడ్డుపడుతుంది. అర్జంటుగా కొంచెం పోయాల్సి వచ్చి సరైన రకం దొరక్కపోతే ఏదో ఒక కూలెంట్ పోయడం కన్నా కాస్త డిస్టిల్డ్ వాటర్ పోయడమే మేలు, కాకపోతే మంచు మొదలయ్యేలోగా చిక్కదనం మళ్ళీ సరిచేయించుకోవాలి.

ఇంకో మాట, అద్దాలు కడిగే నీళ్ళ డబ్బా కూడా అదే బానెట్ కింద ఉంటుంది, ఆ నీళ్ళు కూడా నీలంగానే ఉంటాయి చాలాసార్లు. ఆ మూత మీద అద్దం, నీళ్ళ చిమ్ము బొమ్మ ఉంటుంది, కూలెంట్ మూత మీద థర్మామీటరో వేడి హెచ్చరికో ఉంటుంది. పోసేముందు బొమ్మ చూడండి. పొరపాటున ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పోస్తే ఇంజన్ స్టార్ట్ చేయకుండా ముందు మొత్తం తీయించాలి.

చూడడం ఎలా అంటే, పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కారు సమానంగా ఉన్న నేల మీద పెట్టి. వేడిగా ఉంటే ద్రవం ఉబ్బి పైకి కనిపిస్తుంది, సరిగ్గా తెలీదు. డబ్బా పాతదై పసుపెక్కితే గీతలు కనపడవు, ఫోన్ టార్చి డబ్బా వెనక పెట్టండి, మట్టం నీడలాగా కనిపిస్తుంది, మిన్ మ్యాక్స్ గీతల మధ్య ఉంటే చాలు. తర్వాత మూత తీసి (చల్లగా ఉన్నప్పుడే సుమా) వేలికి తెల్ల టిష్యూ చుట్టి మూత లోపల తుడవండి. పోసినప్పటి రంగే అంటితే మంచిది, ఇటుకపొడి రంగు వస్తే తుప్పు, నూనె జిడ్డు తగిలితే ఆ కారు ఇంకా కొనకపోతే కొనకండి. సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తున్నప్పుడు నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకి ముందే చెప్పండి, ఇదంతా చూడాలంటే ఇంజన్ చల్లగా ఉండాలి కదా. గడ్డకట్టే డిగ్రీలు చూపించే చిన్న టెస్టర్ దొరుకుతుంది, ఖరీదేమీ ఉండదు, వెచ్చటి ప్రాంతం నుంచి వచ్చిన కారైతే అది తప్పకుండా వాడండి, అక్కడివాళ్ళు నీళ్ళు కలిపి కలిపి పల్చన చేసి ఉండొచ్చు.

ఇక అసలు సంగతి, తగ్గడం. ఇది మూసి ఉన్న వ్యవస్థ, పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. ఏళ్ళ మీద కొద్దిగా తగ్గితే సరే, నెలకోసారి పోయాల్సి వస్తోందంటే ఎక్కడినుంచో పోతోంది. కారు కింద తడి ఉంటే వేలు పెట్టి చూడండి, రంగు లేకుండా వాసన లేకుండా ఉంటే అది ఏసీ నీళ్ళు, జారుడుగా ఉండి తీపి వాసన వస్తే కూలెంట్. కింద ఏమీ లేకపోయినా వాటర్ పంపు కింద, గొట్టాల క్లాంపుల దగ్గర, రేడియేటర్ పక్క ప్లాస్టిక్ అతుకుల దగ్గర ఎండిపోయిన తెల్లటి, గులాబి పొక్కులాంటి చార ఉందేమో టార్చి వేసి చూడండి, వేడి ఇంజన్ మీద కారినది కారినట్టే ఆవిరై ఆ మరకే మిగులుతుంది. కారు లోపల తీపి వాసన, ముందు అద్దం లోపలివైపు ఎంత తుడిచినా పోని జిడ్డు పొర, పక్క సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ తడి, ఇవి కనిపిస్తే హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతున్నట్టు. సిగ్నల్ దగ్గర ఆగితే హీటర్ చల్లగాలి, కదిలితే వేడిగాలి వస్తోందంటే లోపల కూలెంట్ తగ్గి గాలి చేరి ఉండొచ్చు, ఇది చాలామంది హీటర్ రిపేరనుకుంటారు.

బయట ఎక్కడా కారకుండా తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్‌ని (ఇంజన్ బ్లాక్‌కీ దాని మీదుండే హెడ్‌కీ మధ్య బిగించే సీలు) అనుమానించాలి. చలి పొద్దున పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి ప్రతి కారుకీ వస్తుంది, ఇంజన్ వేడెక్కాక కూడా తీపి వాసనతో వస్తూనే ఉంటే అది వేరే కథ. ఆయిల్ మూత కింద మీగడలాంటిది కనిపించినా వెంటనే గుండె జారిపోనక్కర్లేదు, చలికాలం దగ్గర దగ్గర ప్రయాణాలకే వాడే కార్లలో తేమ వల్ల కూడా అలా వస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద కూడా పాలరంగు ఉందా, ఇంజన్ నడుస్తుంటే డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా చూడండి, ఉంటే మెకానిక్‌ని ప్రెషర్ టెస్టు, కంబష్చన్ లీక్ టెస్టు రెండూ చేయమనండి. రెండోదాంట్లో వాడే నీలం ద్రవం ఎగ్జాస్ట్ గ్యాస్ తగిలితే పసుపవుతుంది, మీ కళ్ళముందే తేలిపోతుంది, ఊరికే మాట మీద గాస్కెట్ మార్పించుకోకండి. సీసాలో దొరికే లీక్ ఆపే మందులు మాత్రం పోయొద్దు, కన్నంతో పాటు సన్న గొట్టాలు కూడా మూసుకుపోతాయి.

చాలా చిన్న కార్లలో టెంపరేచర్ ముల్లు ఉండదు, చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరితే ఎర్ర దీపం, అంతే. ఎర్రది వెలిగిందంటే ఇంటిదాకా వెళ్ళి చూద్దాం అనే ఆలోచనే వద్దు. ఏసీ ఆపి, హీటర్ ఫుల్ వేడికి పెట్టి, క్షేమంగా ఆగే చోటు చూసుకుని ఆపి ఇంజన్ కట్టేయండి. మూత ముట్టుకోకండి, లోపల ఒత్తిడిలో ఉన్న ద్రవం మూత వదులవగానే మరిగి మొహం మీదకి చిమ్ముతుంది. అరగంట అయినా ఆగాలి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. వేడి ఇంజన్‌లో చల్లనీళ్ళు పోస్తే హెడ్ పగలొచ్చు. ముల్లున్న కార్లకి ఇంకో చిక్కు, కూలెంట్ మొత్తం పోతే సెన్సర్‌కి ద్రవం తగలక ముల్లు కిందకే చూపించొచ్చు, ముల్లు మామూలుగానే ఉంది కదా అని ఆవిరి వస్తున్నా నడుపుకుంటూ పోకండి. ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు, చేతులు, వేలాడే తాళ్ళు దూరంగా ఉంచండి.

మొత్తం మార్పించే గడువు మాన్యువల్‌లో ఉంటుంది. చిన్న కార్లలో పట్టేది నాలుగు నుంచి ఆరు లీటర్లే, పెద్ద పనేమీ కాదు, కానీ నింపాక లోపలి గాలి తీయడం సరిగ్గా రాకపోతే సొంతంగా చేయకండి.

ఇళ్ళల్లో చిన్నపిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్నవాళ్ళు ఇది మాత్రం మర్చిపోవద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొంచెం తాగినా కిడ్నీలు పోతాయి, ప్రాణాలే పోతాయి. నేల మీద పడితే వెంటనే తుడిచి బాగా కడగండి, పాతది కాలవలో పోయకుండా మూత బిగించిన డబ్బాలో మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇచ్చేయండి, మిగిలింది నీళ్ళ సీసాల్లో పోసి దాచకండి, దాని సీసాలోనే పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి. ఎవరైనా తాగారని అనుమానం వస్తే లక్షణాల కోసం చూస్తూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, విరుగుడు ఉంది కానీ అది తొందరగా పడాలి.