బేగంపేట ఎయిర్‌పోర్టును మిలిటరీకి ఇచ్చేశారా? మామూలు విమానాలు ఎందుకు ఆపేశారు?

ఇచ్చేయలేదు. స్థలం ఇప్పటికీ కేంద్ర సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీదే. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక వాయుసేన ఇక్కడికి కొత్తగా వచ్చిందీ కాదు. చాలా ఏళ్లు వాయుసేన విమానాలు, ప్రయాణికుల విమానాలు రెండూ ఒకే రన్‌వే మీద నడిచాయి. వాటిలో ప్రయాణికుల విమానాలు వెళ్లిపోయాయి, అంతే. అందుకే ఇవాళ చూస్తే మిలిటరీ బేస్‌లా కనిపిస్తుంది.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఎయిర్‌పోర్టు అంటే మాకు బేగంపేటే. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్, అక్కడి నుంచి ఆటోలో కాసేపటికే గేటు ముందు. మా కాక మస్కట్ పోయేటప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్లాం. పాస్‌పోర్టు, టికెట్ ఉన్నవాళ్లనే లోపలికి పంపేవారు, మిగతావాళ్లంతా బయట రెయిలింగ్ దగ్గరే. అట్టపెట్టెకు నైలాన్ తాడు చుట్టి, నాలుగు వైపులా మార్కర్‌తో పేరు రాశాం. లోపల మామిడికాయ పచ్చడి డబ్బా, మూతకు మైనం పోసి, పైన మూడు ప్లాస్టిక్ కవర్లు. మా చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది నిజామాబాద్, కరీంనగర్ వాళ్లే.

ఇక చరిత్ర. నిజాం కాలంలో, 1930లలో మొదలైంది. 1945లో నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే విమానాల కంపెనీ పెట్టారు. మా ఊరి మీదుగా మన్మాడ్ వెళ్లే లైను నడిపింది కూడా ఆ రైల్వేనే. 1956 దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోనిదే కదా. ఆ కంపెనీవి డకోటా విమానాలు. 1953లో జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే వాయుసేన ఇక్కడ పైలట్లకు శిక్షణ ఇచ్చేది. దుండిగల్‌లోని వాయుసేన అకాడమీ ఆ తర్వాత సంగతి. దారి చూపే నావిగేటర్లకు బేగంపేటలోనే స్కూలు పెట్టారు. వాళ్ల స్టేషన్ బోయిన్‌పల్లి వైపు ఉంటుంది. మనం వాడిన టెర్మినల్ 1970లలో ఇటు బేగంపేట రోడ్డు వైపు కట్టారు. అసలు పాత టెర్మినల్ అవతలి వైపే. బోయిన్‌పల్లిలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు ఉండటానికి కారణం అదే.

మరి ఎందుకు ఆపారు? మిలిటరీ అడిగిందని చాలామంది అంటారు, అది తప్పు. ఊరు చుట్టూ పెరిగిపోయి రన్‌వే పెంచే జాగా లేకుండా పోయింది. శంషాబాద్ కట్టడానికి జీఎంఆర్ అనే ప్రైవేటు కంపెనీతో 2004లో ఒప్పందం కుదిరింది. శంషాబాద్ మొదలైన రోజు నుంచి బేగంపేటలో షెడ్యూల్డ్ సర్వీసులు, అంటే టైంటేబుల్ ప్రకారం నడిచే ప్రయాణికుల విమానాలు, ఉండకూడదన్నది అందులోని షరతే. 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్లు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న నిబంధన కూడా అక్కడిదే. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టు అన్నేళ్లు కదలకపోవడానికి అదొక అడ్డంకి. బేగంపేట మూయొద్దని అథారిటీ ఉద్యోగులు 2008 మార్చిలో దేశమంతా సమ్మె చేసినా లాభం లేకపోయింది. మార్చి 23న శంషాబాద్ మొదలైంది. టికెట్ల మీద ఉండే హెచ్‌వైడీ (HYD) అనే ఎయిర్‌పోర్టు కోడ్ కూడా అటే పోయింది, బేగంపేటకు బీపీఎం మిగిలింది.

నా మటుకు, ఒకటి పెద్దది కట్టినంత మాత్రాన చిన్నదాంట్లో ప్రయాణికుల సర్వీసులు పూర్తిగా ఆపాల్సిన పని లేదు. చిన్న ప్రయాణికుల విమానాలకైనా ఉంచాల్సింది. సరిహద్దు జిల్లాల వాళ్లకు సికింద్రాబాద్ స్టేషన్ నుంచి శంషాబాద్ చేరడమే ఇంకో ప్రయాణం, ట్రాఫిక్‌లో ఫ్లైట్ పోతుందేమోనన్న టెన్షన్ వేరే. అదే 2008లో నాందేడ్ ఎయిర్‌పోర్టును బాగుచేసి తెరిచారు గానీ, అక్కడ సర్వీసులు ఎప్పుడుంటాయో ఎప్పుడుండవో.

ఇప్పుడు బేగంపేటలో దిగేది వాయుసేన విమానాలు, ప్రధాని లాంటి వీఐపీలు, ప్రైవేటు జెట్లు, ట్రైనింగ్ విమానాలు. మామూలు జనం లోపలికి వెళ్లాలంటే రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శన ఒక దారి. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి.