మూడు బస్తాలు దించే ముందు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మిరపకి ఎకరాకు మూడు బస్తాల డిఏపి ఎరువు దించుతున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. పక్క చేలో రెండు వేశారు కాబట్టి నువ్వు మూడు అనుకుని ఉంటావు. ఆ ప్రత్తిపాడు చేను ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

50 కిలోల బస్తాలో భాస్వరం లెక్కన 23 కిలోలు ఉంటుంది. నీటి కింద మిరపకి ఎకరాకు సిఫారసే 24 కిలోలు. అంటే ఒక బస్తా. వేసినదాంట్లో కూడా ఆ పంటకి అందేది ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు. మిగతాది ఎక్కడికీ పోదు, చిక్కల్లా అదే. మన నల్లరేగడిలో తెల్ల సున్నపు గులకలు కాళ్ళకి గుచ్చుకుంటాయి చూడు, ఆ సున్నం భాస్వరాన్ని పట్టుకుని బిగుసుకుపోతుంది. ఇక నీళ్ళకి కరగదు, వేరుకి దొరకదు. నేను వేసిన బస్తాలు, నా తర్వాత కౌలుదారు వేసినవీ చాలావరకు ఆ మట్టిలోనే ఉన్నాయి.

దాన్ని విడిపించే బాక్టీరియాని గుంటూరు దగ్గర లాం ఫారంలో, అదే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, ఒకసారి చూపించారు. గాజు పళ్ళెంలో పాలు గడ్డకట్టినట్టు తెల్లటి పొర, కరగని భాస్వరం కలిపినది. మధ్యలో చిన్న చుక్కలా బాక్టీరియా, దాని చుట్టూ గుండ్రంగా ఆ తెలుపు కరిగి అద్దంలా అయిపోయింది. అది వదిలే పులుపు, అంటే ఆమ్లం, చేసిన పని. మన చేలో జరిగేదీ ఇదే, కాకపోతే కంటికి కనపడదు.

ఇంకొకటి బూజు జాతి, మైకోరైజా అంటారు. భాస్వరం యూరియాలా నీటితో పారదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర తినేశాక కరువే. ఈ బూజు దారాలు ఒక కొస వేరులో పెట్టి, రెండో కొసని సెంటీమీటర్ల దూరం పంపి భాస్వరం మోసుకొస్తాయి. కూలి కింద మొక్క చక్కెర ఇస్తుంది. నువ్వు డిఏపి గుమ్మరిస్తే మొక్క ఆ కూలి తగ్గించేస్తుంది. గాదె నిండా ధాన్యం ఉన్నవాడు చేబదులుకి వెళ్తాడా? (మీ అమ్మ పెరట్లో ముల్లంగికీ క్యాబేజీకీ ఈ బూజు పొడి చల్లమంటే వద్దని చెప్పు. వాటి వేళ్ళకి ఇది అంటదు, డబ్బు దండగ.)

నీ మిరపకి ఫాస్ఫోబాక్టీరియా పొడి, అంటే నేను చెప్పిన ఆ భాస్వరం కరిగించే బాక్టీరియా ఉన్న పొడి, ఎకరాకు రెండు కిలోలు తీసుకో. బాగా చివికిన పశువుల ఎరువు వంద కిలోల్లో కలిపి, నీళ్ళు చిలకరించి, చెట్టు నీడన తడి గోనెపట్టాలు కప్పి వారం ఉంచు. నాట్లకి ముందు పదునులో సాళ్ళ వెంట వేయించు. ఎరువు లేకుండా ఉత్త పొడి చల్లితే వాటికి తిండేది?

నేను మొదటిసారి ఆ పొడిని డిఏపితో కలిపి ఒకే గంపలోంచి చల్లాను. పైగా ఆ పొట్లం మే నెలంతా కొట్టువాడి రేకుల షెడ్డులో ఉడికింది. ఏమీ జరగలేదు. మూడేళ్ళు అదంతా మోసమని ఊరంతా చెప్పుకు తిరిగాను! అందుకని తయారీ తేదీ చూసి, ఆరు నెలల లోపుదే కొను. రసాయన ఎరువుతో కలపకు. ఎండుతెగులుకి మొదళ్ళలో రాగి మందు పోయాల్సి వస్తే రెంటికీ మధ్య పది రోజులైనా ఎడం ఉంచు.

దీంతో డిఏపి మానేయమనడం లేదు. ఒక బస్తా వెయ్యి, రెండోది భూసార పరీక్ష కాగితం వచ్చాకే. భాస్వరం ఎక్కువైతే జింకు లోపం కూడా వస్తుంది, ఆ ఖర్చు వేరే.

చేను మధ్యలో నాలుగు సాళ్ళకి మాత్రం ఈ పొడి వేయకుండా వదిలి, కర్రలు పాతి గుర్తు పెట్టు. దసరాకి వస్తాను, అటొక మొక్క ఇటొక మొక్క పీకి వేళ్ళు చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న
బ్రాడీపేట, గుంటూరు