చీటీలో 0.025, ట్యూబు మీద 0.1: కేసు ఎవరి మీద?

ప్రశ్న: నా వయసు 52. ముఖం మీద ముడతలు తగ్గుతాయని ఒక చర్మ వైద్యురాలు 2024 ఆగస్టు 10న ట్రెటినాయిన్ క్రీము రాశారు. చీటీలో 0.025 శాతం అని ఉంది. ఒక రాత్రి విడిచి ఒక రాత్రి, బఠాణీ గింజంత మాత్రమే రాయాలని, పగలు ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ వాడాలని కూడా రాశారు. అదే రోజు మందుల షాపులో కొని ఫోను ద్వారా డబ్బు చెల్లించాను. బిల్లు అడగలేదు. నాలుగో రోజుకే మంట, ఎరుపు, పొరలు పొరలుగా చర్మం ఊడటం మొదలైంది. త్వరగా ఫలితం వస్తుందని కొన్నాళ్లు రెండు పూటలా రాసిన మాట నిజం. మా అబ్బాయి ట్యూబును ఫొటో తీసి వైద్యం చదువుతున్న స్నేహితుడికి పంపితే, దాని మీద 0.1 అని ఉందన్నాడట. ట్యూబు పారేశాం. బుగ్గల మీద నల్లమచ్చలు మిగిలిపోయాయి. నలుగురిలోకి వెళ్లాలంటే ఏడుపు వస్తోంది. 2025 మార్చిలో మరో వైద్యుడు చూసి, మందు వల్లే అన్నారు. మొదటి వైద్యురాలు కనీసం 'అయ్యో' అనలేదు. ఆమె మీద నష్టపరిహారం కేసు వేయాలి. అలాంటిదే మరో ట్యూబు కొని, పాత తేదీతో బిల్లు రాయించుకుంటే సరిపోతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. 2027 మార్చి వరకు గడువు ఉన్నట్టే కదా?

జవాబు: మీ ఉత్తరంలో కేసుకు పనికొచ్చేవి రెండు అంకెలు, ఒక ఫొటో. ఆ రెండు అంకెలను మీరు దాటేసి, కోపమంతా వైద్యురాలి మీద పెట్టుకున్నారు. ఆమె 'అయ్యో' అనకపోవడం నేరమూ కాదు, సేవాలోపమూ కాదు.

చీటీలో రాసింది 0.025 శాతం. షాపులో ఇచ్చింది 0.1 శాతం. అంటే నాలుగు రెట్ల గాఢత. ఇది రుజువైతే మీ ప్రతివాది మందుల షాపు యజమాని. వైద్యురాలు కాదు. మీరు ఆమె మీద కేసు వేస్తే మొదటి వాయిదాలోనే ఆమె న్యాయవాది మీ చీటీనే తీసి చూపిస్తారు. తక్కువ గాఢతతో మొదలుపెట్టారు, ఎంత రాయాలో, ఎన్నాళ్లకోసారి రాయాలో చెప్పారు, ఎండ గురించి హెచ్చరించారు, అన్నీ రాతలో ఉన్నాయి. ట్రెటినాయిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఎరుపు, మంట, పొట్టు లేవడం చాలామందికి వచ్చేవే. మందు వల్ల దుష్ఫలితం వచ్చినంత మాత్రాన వైద్యుల నిర్లక్ష్యం అనుకోకూడదని జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. పైగా ఆమె మీకు సాక్షిగా కావలసిన మనిషి. తాను 0.025 మాత్రమే రాశానని ఆమె ప్రమాణపత్రం ఇస్తే మీ కేసు సగం నిలబడుతుంది. ఆమెను ప్రతివాదిని చేస్తే ఆ సగం పోతుంది.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షను ప్రకారం వ్యాజ్య కారణం (కేసుకు దారితీసిన సంఘటన) పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. మీరు రెండో వైద్యుడు చెప్పిన 2025 మార్చి నుంచి లెక్కపెట్టారు. ఆ లెక్క తప్పు. హాని బయటికి కనిపించనిదైతే తెలిసిన రోజు నుంచి, కనిపించేదైతే అది జరిగిన రోజు నుంచి కాలం లెక్కించాలని 2010లో శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. శస్త్రచికిత్సలో కడుపులో పలచని కట్టుగుడ్డ వదిలేసిన సంగతి ఏళ్ల తరువాత బయటపడటం వేరు. మీ ముఖం నాలుగో రోజుకే ఎర్రబడింది, అద్దంలో మీరే చూశారు, అబ్బాయి అంకె కూడా చూశాడు. కాబట్టి కొన్న తేదీ నుంచే లెక్క వేసుకుని 2026 ఆగస్టు 10ని ఆఖరి రోజుగా పెట్టుకోండి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు చట్టంలో ఉంది, కానీ తగిన కారణం చూపాలి. 'ఇంకా టైముందనుకున్నాను' అనేది కారణం కాదు. లీగల్ నోటీసు పంపితే గడువు పెరుగుతుందని కొందరు నమ్ముతారు. ఒక్క రోజు కూడా పెరగదు.

మీ తెలిసినవాళ్ల సలహా గురించి. ఆ పని చేయకండి. ట్యూబు అడుగున నొక్కి మూసిన అంచు మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ అచ్చువేసి ఉంటాయి. ఇప్పుడు కొన్న ట్యూబు మీద తయారీ తేదీ 2025దో 2026దో ఉంటుంది. 2024లో కాలిన ముఖానికి 2026లో తయారైన మందు కారణమని వాదించబోతున్నారా? పాత తేదీ బిల్లు అంతకంటే ఘోరం. షాపు కంప్యూటరులోని వరుస సంఖ్యతో పోల్చగానే బయటపడుతుంది. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అక్కడ దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షను కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. బాధితురాలిగా వెళ్లి ముద్దాయిగా తిరిగి వస్తారు. ఆ సలహా ఇచ్చినవాళ్లు మీతోపాటు బోను ఎక్కరు.

అసలు ట్యూబు పారేయడం ఏమిటి? ట్యూబును ఫొటో తీసేంత తెలివి ఉన్న ఇంట్లో, కాల్చిన వస్తువును చెత్తబుట్టలో వేశారు. బిల్లు అడగడానికి అర నిమిషం పట్టేది. మీరు చెల్లించిన ఫోను రికార్డు డబ్బు ఫలానా షాపుకు వెళ్లిందని చెబుతుంది, ఏ మందుకు, ఏ గాఢతకు అన్నది చెప్పదు.

అందుకే మీ కేసు మొత్తం మీ అబ్బాయి ఫోనులో ఉన్న ఆ ఒక్క ఫొటో మీద ఆధారపడి ఉంది. స్నేహితుడికి పంపిన కాపీ కాదు, కెమెరాలో తీసిన అసలు ఫైలు కావాలి, అందులో తీసిన తేదీ, సమయం ఉంటాయి. కత్తిరించవద్దు, వెలుతురు పెంచవద్దు, మరెవరికీ పంపవద్దు. ఆ ఫోను అమ్మకండి, మార్చకండి. పెద్దది చేసి చూడండి: 0.1 అనే అంకెతోపాటు బ్యాచ్ నంబరు కూడా చదవగలిగితే అదృష్టం. ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను అడిగే సర్టిఫికెట్‌తో దాన్ని దాఖలు చేయండి. ఫొటో తానే తీశానని అబ్బాయి ప్రమాణపత్రం జతచేయాలి. అప్పటి సంభాషణలో స్నేహితుడు 'ఇది 0.1 కదా' అని రాసి ఉంటే, అది కేసు ఆలోచన పుట్టకముందు రాసిన మాట, దాని విలువ ఎక్కువ. స్నేహితుడి ప్రమాణపత్రం కూడా తీసుకోండి.

బ్యాచ్ నంబరు దొరికితే, ఆ బ్యాచ్ కొనుగోలు ఇన్వాయిస్‌నూ, 2024 ఆగస్టు 10 నాటి అమ్మకాల బిల్లులనూ షాపు హాజరుపరచాలని కమిషన్‌ను కోరండి. ఈలోగా స్పీడ్ పోస్టులో ఒక చిన్న నోటీసు పంపి, ఆ రోజు కంప్యూటర్ రికార్డులు చెరిపేయవద్దని రాయండి. తరువాత చెరిపేస్తే ఆ సంగతి వాళ్లకే ఎదురుతిరుగుతుంది. రెండు క్లినిక్‌ల నుంచీ మీ వైద్య రికార్డులు రాతపూర్వకంగా అడగండి. వైద్యుల వృత్తి నియమావళి 2002 ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి.

మీరు దాచకూడని బలహీనత ఒకటుంది. చీటీలో ఒక రాత్రి విడిచి ఒక రాత్రి అని ఉంటే, మీరు రెండు పూటలా రాశారు. ఎదుటివారు దీన్నే పట్టుకుంటారు. ఫిర్యాదులో మీరే ముందుగా చెప్పండి, లేకపోతే క్రాస్ ప్రశ్నల్లో బయటపడి మీ మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది. పరిహారం కొంత తగ్గవచ్చు, కేసు పోనక్కరలేదు. నిపుణుల అభిప్రాయం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని కిషన్ రావు కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. తప్పు గాఢత ఇచ్చారని చెప్పడానికి నిపుణులు అక్కరలేదు. ఆ నల్లమచ్చలు గాఢత వల్ల వచ్చాయా, వాడకం వల్లా, ఎండ వల్లా అన్నది మాత్రం చర్మ వైద్యులే చెప్పాలి. 2025లో చూసిన వైద్యుడు నోటితో అన్న మాట చెల్లదు, సంతకంతో రాయించుకోండి.

ఫిర్యాదు మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా. ఏ కమిషన్ అన్నది 2019 చట్టం కింద మీరు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. ఒక క్రీము ధరకు ఫీజు కట్టనక్కరలేదు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆ మాట నమ్మి ప్రణాళికలు వేసుకోకండి.

నోటీసు అందగానే షాపువారు రాజీకి రావచ్చు. రమ్మనండి. కానీ 'వచ్చే నెల మాట్లాడుకుందాం' అంటూ ఆగస్టు 10 దాటిస్తే మీ చేతిలో ఏమీ మిగలదు. మాటలు సాగుతున్నా సరే, జూలైలోనే దాఖలు చేసి రసీదు తీసుకోండి.