కాంట్రాక్టర్ లెక్కలో ఎండాకాలం లేదు

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో సొంతిల్లు. ఐదుగురం ఉంటాం. మార్చి వచ్చేసరికి బోరు ఎండిపోతోంది. మొన్నటి వేసవి మూడు నెలల్లో 5,000 లీటర్ల ట్యాంకర్లు 24 కొన్నాం, ఒక్కోటి రూ.900. డాబా మీది వాన నీళ్లను బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పంపడానికి రూ.35,000 అడుగుతున్నారు, మూడేళ్లలో డబ్బు తిరిగొస్తుందంటున్నారు. మా తమ్ముడేమో పర్సనల్ లోన్ తీసుకుని రూ.2.5 లక్షలతో కొత్త బోరు వేయించమంటున్నాడు. వడ్డీ 14 శాతం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు కొత్త బోరు సంగతి తేల్చేద్దాం. ఐదేళ్ల లోను అయితే మొదటి ఏడాది వడ్డీయే 32 వేలు దాటుతుంది. మీ ట్యాంకర్ల ఖర్చు మొత్తం 21,600. పైగా హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. పగుళ్లలో నీరు తగిలితే అదృష్టం, లేదంటే ఎంత లోతుకు దించినా పైకొచ్చేది రాతిపిండే. తమ్ముడికి వద్దని చెప్పండి.

ఇక ఇంకుడు గుంత. కాంట్రాక్టర్ లెక్క ఇలా వేసి ఉంటాడు: డాబా 1,200 చదరపు అడుగులనుకుంటే సుమారు 111 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నగరంలో ఏడాది వాన దాదాపు 800 మిల్లీమీటర్లు. ఐదో వంతు తరుగు పోయినా 71 వేల లీటర్లు, అంటే 14 ట్యాంకర్లు, రూ.12,600. గుణకారంలో తప్పులేదు. కానీ ఆ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. అప్పుడు మీరు ట్యాంకరే కొనరు కదా! కొనని నీళ్లకు రూ.900 విలువ కడితే ఎలా?

ఇంకిన నీటివల్ల బోరు ఇంకో నెల ఎక్కువ పోస్తే మాత్రం 8 ట్యాంకర్లు, రూ.7,200 మిగులుతాయి. అసలు రావడానికి ఐదేళ్లు. అదీ గ్యారంటీ లేదు, మీరు ఇంకించిన నీళ్లు పక్కింటి బోరులో తేలినా తేలొచ్చు. అయినా నేను తవ్వించమనే అంటాను, ఆ రూ.35,000 చేతిలో ఉంటేనే. అప్పు చేసి మాత్రం వద్దు.

ఈలోగా ఒక్కో లీటరు సీసాలు రెండింటిలో ఇసుక నింపి, మూత బిగించి ఫ్లష్ ట్యాంకులో పెట్టండి, లోపల నీటిమీద తేలే బంతికి తగలకుండా. ఐదుగురూ కలిసి రోజుకు 25 సార్లు ఫ్లష్ చేస్తే 50 లీటర్లు, మూడు నెలలకు 4,500. దాదాపు ఒక ట్యాంకరు, పైసా ఖర్చు లేకుండా. కుళాయిలకు ఏరేటర్లు, అంటే ధారలో గాలి కలిపి నీటి వాడకం తగ్గించే జాలీ బిళ్లలు, పెట్టించండి. ఒక్కోటి 150 అనుకున్నా ఆరింటికి 900, అంటే ఒక్క ట్యాంకరు మిగిలితే చాలు. డ్యూయల్ ఫ్లష్ ట్యాంకులకు, అంటే తక్కువ నీటికొకటి, ఎక్కువ నీటికొకటి బటన్లున్న వాటికి, తొందర లేదు, పాతవి పాడయినప్పుడు మార్చుకోవచ్చు.

గుంత తవ్విస్తే మాత్రం వానలకు ముందే. ఏటా మే నెలలో ఫిల్టర్‌లోని గులకరాళ్లు కడిగించే కూలీ కూడా ఖర్చులో రాసుకోండి. కాంట్రాక్టర్ ఇచ్చిన కాగితంలో అది ఉందో లేదో చూడండి.