బుడిపె పోయినా గుర్రపు డెక్కే

ప్రశ్న: మాది ముదినేపల్లి దగ్గర పల్లె. జులైలో కాలువ నీటితోపాటు బుడిపె కాడల మొక్కలు నాలుగైదు మా చెరువులోకి కొట్టుకొచ్చాయి. డిసెంబరుకల్లా చెరువంతా మోకాలెత్తు మొక్కలే, ఒక్కదానికీ బుడిపె లేదు. ఇది గుర్రపు డెక్క కాదు, వేరే జాతి అంటున్నారు మా బావగారు. నిజమేనా?

జవాబు: బావగారిని ఏమీ అనకండి. లెక్చరర్‌గా చేరిన కొత్తలో నేనూ బుడిపె ఉన్నదాన్నీ, లేనిదాన్నీ ఎండబెట్టి, వేర్వేరు షీట్ల మీద అంటించి, రెండు పేర్లు రాశాను. కొల్లేరు లంక నుంచి వచ్చిన మా అటెండరు చూసి, "రెండూ డెక్కేనండీ, ఇరుకైతే సాగుద్ది" అని నవ్వాడు.

సంగతి అదే. చోటున్నప్పుడు కాడ ఉబ్బి, గాలి నింపుకుని తేలుతుంది. మొక్కలు ఒత్తుగా కమ్ముకున్నాక వెలుతురు కోసం కాడ సన్నగా పైకి సాగుతుంది, బుడిపె పోతుంది. అనుమానమైతే కాడను అడ్డంగా కోయండి, లోపల బెండులా ఉంటుంది. మొక్కను పైకి లాగితే వేళ్లు నల్లటి సవరంలా వేలాడతాయి. ఇలాగే నీటి మీద తేలే అంతరతామరకైతే కాడే ఉండదు, ఆకు మీద నూగు ఉంటుంది. డెక్క ఆకు నున్నగా మెరుస్తుంది.

వానలు తగ్గాక పూత చూడండి. లేత ఊదా పూవు, పై రేకు మీద నెమలి కన్నులాంటి పసుపు మచ్చ. ఈ అందం చూసే అమెజాన్ ప్రాంతపు మొక్కను దేశదేశాలకూ మోసుకెళ్లారు, ఇప్పుడు మనం పీక్కుంటున్నాం! పూలు వాడగానే కాడ నీళ్లలోకి వంగి గింజలు వదులుతుంది. వంగకముందే కోసేస్తే కొంత మేలు. చలికి ఆకుల అంచులు మాడతాయి, అంతే. చచ్చిందనుకోవద్దు.

మోసపోయేది ఎండాకాలంలోనే. కాలువలు కట్టేసి చెరువు ఇంకాక పైమొక్కలు ఎండుతాయి, పీడ వదిలిందనుకుంటాం. కానీ గింజలు బురదలో 20 ఏళ్ల దాకా బతుకుతాయి. తడి బురదలో మొలిచే పిల్లమొక్కకు బుడిపె ఉండదు, గుండ్రటి ఆకూ ఉండదు, సన్నటి రిబ్బన్ లాంటి ఆకులుంటాయి. గడ్డి అనుకుని వదిలేస్తారు. మే నెలలో చెరువు అంచున ఒకసారి వంగి చూడండి, అప్పుడైతే రెండు వేళ్లతో వచ్చేస్తాయి. పీకినవి గట్టు మీద మాత్రం పడేయకండి. మొదటి వానకే మళ్లీ చెరువులోకి జారతాయి.