ఆర్‌ఎక్స్ 100 నుంచి నేరుగా ట్విన్ సిలిండర్ బండికి వెళ్లొచ్చా?

ప్రశ్న అడిగిన తమ్ముడిది చిత్తూరు, వయసు 21. వాళ్ల మామ ఇచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100ని రెండేళ్లుగా నడుపుతున్నాడు. ఇప్పుడు ట్విన్ సిలిండర్, అంటే రెండు సిలిండర్ల బండి మీద మనసు పడింది. తెలిసినవాళ్ల దగ్గర పాత రాజ్‌దూత్ 350, అదే ఆర్‌డీ 350, ఒకటి అమ్మకానికి ఉందట. అది కుదరకపోతే లోన్ పెట్టి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టార్ 650 తీసుకుంటానంటున్నాడు. మధ్యలో 200, 350 సీసీ బండ్లు నడిపి మెట్టుమెట్టుగా ఎక్కాలా, నేరుగా దూకేయొచ్చా అని అడిగాడు. వాళ్ల నాన్న వద్దంటున్నాడని కూడా రాశాడు.

తమ్ముడూ, ఈ సీసీల లెక్క నాకు మొదటి నుంచీ నచ్చదు. వంద తర్వాత రెండొందలు, ఆ తర్వాత మూడొందల యాభై అంటూ ఎల్‌కేజీ, యూకేజీ చదివినట్టు చెప్తారు. నేను అలాగే ఎక్కాను. నాయన టీవీఎస్ 50, తర్వాత ఆర్‌ఎక్స్, తర్వాత యెజ్డీ, చివరికి ఆర్‌డీ 350. ఇంత వరసగా ఎక్కినవాణ్ని, కొన్న నెల తిరక్కుండానే భాకరాపేట ఘాట్లో కొండవార కాలవలో పడ్డాను. ఆ బండ్లన్నీ నాకు స్పీడుగా పోవడం నేర్పాయి. బరువైన బండిని దిగుడులో ఆపడం ఒక్కటీ నేర్పలేదు.

యెజ్డీ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. యెజ్డీకి రెండు సైలెన్సర్లు ఉంటాయి కదా, అది చూసి నేను మూడేళ్లు ట్విన్ నడుపుతున్నాననే అనుకున్నాను. కాలేజీలో అదే చెప్పుకుని తిరిగాను కూడా. తిరుపతిలో మాకు ఒక మెకానిక్ భాయ్ ఉండేవాడు. ఒకరోజు ఆయన దగ్గరా అదే కోశాను. ఆయన స్పానర్ కింద పెట్టి, "ట్యాంకు కింద ఎన్ని ప్లగ్గులుండాయో లెక్కపెట్టు అబ్బయ్యా" అన్నాడు. ఒకటే ఉంది, అంటే సిలిండరూ ఒకటే. ఒక సిలిండర్ నుంచే రెండు పైపులు తీశారు, అంతే. ఇప్పటికీ అన్నమయ్య సర్కిల్ దగ్గర ఎవరైనా పాత యెజ్డీ ఆపి "ట్విన్ అన్నా ఇది" అంటే నవ్వుకుంటాను, సరిదిద్దను.

ఆర్‌డీ అలా కాదు. నిజంగానే రెండు సిలిండర్లు, 347 సీసీ, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. కార్బ్యురేటర్లు రెండు, పాయింట్లు రెండు జతలు, ప్లగ్గులు రెండు. అంటే ఏది పాడైనా సగమే పాడవుతుంది, ఆ సగం ఏ సగమో నువ్వు కనుక్కోవాలి. మన దేశంలో 1983లో వచ్చింది. మొదట వచ్చిన హెచ్‌టీ రకానికి 30.5 హార్స్ పవర్, తర్వాత మైలేజీ కోసం తగ్గించిన ఎల్‌టీకి 27. ఇప్పుడు అమ్మేవాళ్లందరూ హెచ్‌టీ అనే చెప్తారు. ఎల్‌టీ బండ్లన్నీ ఎక్కడికి పోయాయో ఏడుకొండలవాడికే తెలియాలి. యమహా జపాన్లో అమ్మిన అసలు ఆర్‌డీకి ముందు డిస్క్ బ్రేక్ ఉండేది. మనకు వచ్చినదానికి 7 అంగుళాల డ్రమ్ము బ్రేకు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకో.

నేను కొన్నది 2004 ఏప్రిల్‌లో, వేలూరు నుంచి. మే నెలలో మదనపల్లెలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి. ఇంట్లోవాళ్లు ముందురోజే బస్సెక్కారు. నేను మాత్రం బండి మీదే వస్తానని మొండికేశాను. బ్రేక్ లైనింగ్, అదే డ్రమ్ములో రాసుకుని బండిని ఆపే పట్టీ, మార్చుకుని పొమ్మని భాయ్ రెండుసార్లు చెప్పాడు. పెళ్లయ్యాక చూద్దాంలే అన్నాను. ఉన్న డబ్బుతో కొత్త ప్యాంటూ షర్టూ కొన్నాను మరి.

పోయేటప్పుడు ఎక్కుడు. చంద్రగిరి, రంగంపేట దాటాక ఘాట్ మొదలవుతుంది. అయిదు వేల ఆర్‌పీఎం వరకు పెద్దమనిషిలా ఉండే బండి, అది దాటగానే చేతుల్లోంచి గుంజుకుని పోతుంది. ముందు చక్రం తేలికైపోతుంది. ప్రతి మలుపు తర్వాతా ఆ గుంజుడు కోసమే మూడో గేరులో లాగాను. ఎక్కుడులో బ్రేకుతో పనేముంది? యాక్సిలరేటర్ వదిలితే కొండే ఆపుతుంది. పెళ్లిలో పిల్లలందరూ బండి చుట్టే. నేను పెళ్లికొడుకు కంటే ఎక్కువ ఫొటోలు దిగాను.

తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం మూడు. భాకరాపేట దాటి దిగుడు మొదలైంది. ముందు ఒక టమాటా లారీ, క్రేట్ల మీద క్రేట్లు, మద్రాసుకు పోయే లోడు. దాటడానికి చోటు లేదు. దాని వెనకే బ్రేకు పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం. కాసేపటికి కాలిన వాసన మొదలైంది. లారీ లైనింగ్ కాలుతోందనుకుని నాలో నేనే నవ్వుకున్నాను కూడా. రెండు మలుపులు తిరిగాక ముందు బ్రేక్ లివర్ వచ్చి గ్రిప్పుకు తగిలింది. వాసన నాదే.

గేరు తగ్గిస్తే ఇంజిన్ పట్టుకుంటుందని నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు వేశాను. ఇంజిన్ గీమని అరిచిందే గానీ స్పీడు తగ్గలేదు. మలుపులో లారీ బ్రేక్ లైట్లు వెలిగాయి. వెనక బ్రేకు తొక్కితే చక్రం లాక్ అయి బండి అడ్డం తిరిగింది. లోయ వైపు పోకూడదన్న ఒక్క తెలివి మాత్రం మిగిలింది. కొండవార కాలవలోకి తిప్పేశాను. ఎడమ పక్కకి పడ్డాం, నేనూ బండీ. కొత్త ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి, కింద చర్మం కూడా ఊడింది. లెగ్ గార్డ్ వంగి ఇంజిన్‌కు ఆనుకుంది.

లారీ ఆపి క్లీనర్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏమప్పా, బతికుండావా?" అన్నాడు. ఉండానన్నాను. బండిని లేపి, పొగలొస్తున్న డ్రమ్ము మీద బాటిల్ నీళ్లు పోయబోయాడు. వెనక నుంచి డ్రైవర్ కేక వేశాడు, "పొయ్యొద్దురా, పగిలిపోతాది!" వేడి ఇనుము మీద చన్నీళ్లు పోస్తే డ్రమ్ము వంకరైనా పోతుంది, చీలికైనా వస్తుంది. అరగంట చింతచెట్టు కింద కూర్చున్నాం. ఆయన నాకు బీడీ ఇవ్వబోయాడు, వద్దంటే పగిలిన టమాటాలు ఇచ్చాడు.

డ్రమ్ము చల్లబడ్డాక కిక్ కొట్టాను. స్టార్ట్ అయింది గానీ శబ్దం తేడా, జలుబు చేసిన మనిషి మాట్లాడినట్టు. అప్పుడు భాయ్ నేర్పిన పని గుర్తొచ్చింది. క్లీనర్ చేతిలోని బాటిల్ తీసుకుని, సిలిండర్ నుంచి దిగే బెండ్ పైపుల మీద చుక్క చుక్క చల్లాను. కుడి పైపు చుయ్యిమంది, నీటిబొట్టు ఎగిరి మాయమైంది. ఎడమ పైపు మీద బొట్టు తాపీగా కిందికి జారి నేల మీద పడింది. ఆ పక్క సిలిండర్ పని చేయడం లేదు. ఎడమ పక్కకి పడి ఉన్నప్పుడు పెట్రోలు కారి ప్లగ్గు తడిసిపోయింది.

విప్పి చూస్తే ప్లగ్గు మూతి నల్లగా, జిడ్డుగా ఉంది. స్పేర్ లేదు. క్లీనర్ జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసే పక్కతో రుద్దాడు. తర్వాత రెండు పుల్లలు వెలిగించి మూతిని కాల్చాడు. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, అంత పొందిగ్గా చేశాడు. బిగించి కిక్ కొడితే రెండు పక్కలా పలికింది. వాడి మొహంలో నవ్వు నాకిప్పటికీ గుర్తు.

బయల్దేరేముందు డ్రైవర్ చెప్పాడు, "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలప్పా." లారీకి అది నూటికి నూరుపాళ్లు నిజం. రాత్రికి భాయ్ దగ్గర అదే అప్పజెప్పితే తల కొట్టుకున్నాడు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కు యాక్సిలరేటర్ మూస్తే గాలి పీల్చలేక పెనుగులాడుతుంది, ఆ పెనుగులాటే బండిని వెనక్కి పట్టుకుంటుంది. టూ స్ట్రోక్‌కు ఆ పట్టు బాగా తక్కువ. పైగా ఆర్‌డీలో ఆయిల్ పంపు యాక్సిలరేటర్ కేబుల్‌తో ముడిపడి ఉంటుంది. దిగుడులో యాక్సిలరేటర్ మూసి చిన్న గేరులో లాక్కొస్తే ఇంజిన్ గిర్రున తిరుగుతుంటుంది, ఆయిల్ మాత్రం సరిగా అందదు. పిస్టన్ సిలిండర్లో ఇరుక్కుని ఇంజిన్ పట్టేస్తుంది. మధ్యమధ్య క్లచ్ పట్టి ఒకసారి రేజ్ చేస్తూ దిగాలి. భారమంతా బ్రేకుల మీదే కాబట్టి, లైనింగ్ బాగా లేని ఆర్‌డీతో ఘాట్ దిగకూడదు. తప్పు బండిది కాదు, ప్యాంటూ షర్టూ కొన్నవాడిది.

నీ ఆర్‌ఎక్స్ కూడా టూ స్ట్రోకే, దానికీ ఈ పట్టు ఉండదు. కానీ అది వంద కేజీల చిల్లర బండి, దాని చిన్న డ్రమ్ము ఆ బరువును ఆపేస్తుంది, నీకు లోపం కనపడదు. అందుకే రెండేళ్లు ఆర్‌ఎక్స్ నడిపాను అనే అనుభవం ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాదంటాను. ఎవరికైనా కోపం వస్తే రానీ.

తిరుమల ఘాట్‌లో టీటీడీ పెట్టిన టైం లెక్క చూశావా? ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40. పైకి పోయే రోడ్డు 1974లో వేసింది, దిగేది 1944 నాటి పాత రోడ్డు. నలుగురు కుర్రాళ్లు కలిస్తే పైకి ఎంతసేపట్లో పోయామనే పందెం. దిగడానికి పన్నెండు నిమిషాలు ఎక్కువ ఎందుకిచ్చారో ఒక్కడూ అడగడు.

ఇంకో బాధ, లైసెన్సు. మన దగ్గర గేర్లున్న వంద సీసీ బండికి, 650కి ఒకటే పరీక్ష, ఎనిమిది ఆకారంలో తిప్పి చూపిస్తే చాలు. యూరప్‌లో కుర్రాళ్లకు ఏ2 అని మధ్యలో ఒక మెట్టు ఉంది, 35 కిలోవాట్ల వరకే, అంటే దాదాపు 47 హార్స్ పవర్. ఇంటర్‌సెప్టార్ ఇచ్చే 47 హార్స్ పవర్ సరిగ్గా ఆ గీత దగ్గర ఆగుతుంది. అంటే అక్కడ నేర్చుకునేవాళ్లకు ఆఖరి గీత అనుకున్న బండిని ఇక్కడ లైసెన్సు వచ్చిన మర్నాడే తీసుకోవచ్చు. ఇక బండి ఎక్కడ ఆపినా "మైలేజీ ఎంతిస్తాదప్పా?" అని అడిగే పెద్దాయనల గురించి రాయడం మొదలుపెడితే ఇంకో పేజీ పడుతుంది.

సరే, నీ రెండు బండ్ల సంగతి. ఇంటర్‌సెప్టార్ 648 సీసీ, ఫోర్ స్ట్రోక్, ముందూ వెనకా డిస్కులు, గట్టిగా పట్టినా చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్. దిగుడులో ఇంజిన్ పట్టు ఉంటుంది. క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, 270 డిగ్రీల తేడాతో ఉంటుంది కాబట్టి శబ్దం కూడా గుండె కొట్టుకున్నట్టు ఎగుడుదిగుడుగా బాగుంటుంది, దాని సైలెన్సర్లు పీకి వేరేవి బిగించకు, దండం పెడతాను. కానీ బరువు రెండొందల కేజీల పైనే. తిరుపతి భేరి వీధిలో యూ టర్న్ కొట్టి చూడు, మే నెలలో లీలామహల్ సర్కిల్ దగ్గర పది నిమిషాలు ట్రాఫిక్‌లో నిలబడి చూడు, కాళ్లకు సెగ తెలుస్తుంది. అయినా నీ వయసులో మొదటి ట్విన్‌గా నా ఓటు దానికే. మధ్యలో 200, 350 అక్కర్లేదు. ఆ డబ్బులో కొంచెం మంచి హెల్మెట్‌కూ జాకెట్‌కూ పెట్టు. మొదటి మూడు నెలలు మొగిలి ఘాట్ ఎక్కి దిగు, దిగడం మీదే ధ్యాస పెట్టు. నాన్నను ఒకసారి వెనక కూర్చోబెట్టుకుని అలా దింపి తీసుకురా. నోటితో వాదించొద్దు.

లేదు, ఆర్‌డీనే కావాలంటావా? నీకు నేను చెప్పినా ఎక్కదని తెలుసు, నాకూ ఎక్కలేదు. అయితే చూడ్డానికి పోయేటప్పుడు ముందుగా ఫోన్ చేయకు. చేస్తే వాళ్లు స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచుతారు. ఇంజిన్ చల్లగా ఉందో లేదో చేత్తో తాకి చూడు, వేడిగా ఉంటే రేపొస్తానని చెప్పి వచ్చేయ్. ఆర్‌సీ చూడు, 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ప్రతి అయిదేళ్లకూ రెన్యువల్ చేయించి ఉండాలి. ముందు చక్రం విప్పించి లైనింగ్ చూడు, సిగ్గుపడకు. స్పేర్ల కోసం మద్రాసు పుదుపేట దాకా పోవాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందే వేసుకో. తర్వాత నీ చేత్తో కిక్ కొట్టి, ఒక నిమిషం ఆగి, రెండు బెండ్ పైపుల మీదా నీళ్లు చల్లు. రెండూ ఒకేలా చుయ్యిమంటే బేరం మొదలుపెట్టు. ఒకటే పలికితే, అమ్మేవాడు ప్లగ్గు మారిస్తే సరిపోతుందంటాడు. కొత్త ప్లగ్గులు రెండు నీ జేబులోనే ఉంచుకో, అక్కడికక్కడే మార్చి మళ్లీ నీళ్లు చల్లు.